పాత జీపు పికప్పునకు వెనుక ఇరుసు ఎన్నుకొనుట

రేణిగుంట చుట్టుపట్ల గ్రామములలో పాత మహీంద్ర జీపులు, వాని వెనుక తొట్టి కట్టించిన పికప్పులు నేటికిని అక్కడక్కడ పనిచేయుచున్నవి. తెల్లవారుజామున కూరగాయల గంపలు, పూలబుట్టలు, పాలక్యానులు తిరుపతికి చేర్చుటకును, వేసవిలో మామిడికాయలు తోపునుండి రోడ్డునకు దింపుటకును, తిరుగు దారిలో ఎరువు మూటలు, డ్రిప్పు పైపులు తెచ్చుటకును ఇవి ఉపయోగపడుచున్నవి. క్రొత్త బండ్లు ఎన్ని వచ్చినను, గట్టు దాటి, స్వర్ణముఖి యిసుక దాటి, దున్నిన చేనిలోనికి వచ్చి నిలుచు బండి యని వీనిని రైతులు వదలుకొనుటకు ఇష్టపడరు. ఊరి మెకానిక్కు నాలుగు పానాలతో విప్పి బిగింపగల బండి కూడ ఇదియే.

అయితే ఇట్టి బండ్లకు పెద్ద ఖర్చు తెచ్చిపెట్టు భాగములలో వెనుక ఇరుసు ముఖ్యమైనది. అది సామాన్యముగా కాయ కోతకు వచ్చిన వారములోనే విరుగును. ఆ వారములోనే బండికి బరువెక్కువ. అందులో వింత లేదు. కూలీలు తోపులో కూర్చుండి యుందురు. కాయ రోజుకు రోజు పండబారుచుండును. ఆ తొందరలో యజమాని పుదుపేటకో, మరియొక చోటికో మనిషిని పంపి, గుజరీ అంగడిలో దొరికిన ఇరుసును తెప్పించి బిగించును. చక్రములు తిరిగినవి, బండి కదలినది, అంతటితో పని యైనదని తలచును. కాని ఇరుసులన్నియు పైకి ఒకే రీతిగా కన్పించినను లోపలి పళ్ళ లెక్క వేరు, గుండ్రపు షాఫ్టు పద్ధతి వేరు, వెడల్పు వేరు. తగని ఇరుసు బిగించిన బండి గట్టు ఎక్కలేదు; లేదా ఫోర్‌వీలు పెట్టె పగులును; లేదా ఘాటు దిగునప్పుడు బ్రేకులు కాలును. కావున ఇరుసు విరుగకముందే, తీరికగా నున్నప్పుడే, మీ బండికి ఏది తగునో తెలిసికొని కాగితముపై వ్రాసి పెట్టుకొనుట మంచిది.

ముందు రోగము తెలియవలెను

బండి కదలునప్పుడు టక్కుమని శబ్దము వచ్చినంత మాత్రమున ఇరుసు పోయినదని తలపరాదు. ఆ శబ్దము చాలసార్లు జాయింటు షాఫ్టు క్రాసులు అరుగుటవలన వచ్చును. బండిని చదునైన చోట నిలిపి, నాలుగు చక్రములకు రాళ్ళు పెట్టి, గేరు తీసి, వెనుక జాయింటు షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పి చూడుడు. ఆట క్రాసులోనే కన్పించినచో క్రాసు మార్చిన చాలును. దానికయ్యెడి ఖర్చు ఇరుసు ఖర్చులో లెక్కకు రాదు.

ఒక ప్రక్క చక్రము వద్దనే గుర్రుమను శబ్దము వచ్చుచు, మలుపులో అది హెచ్చుచు తగ్గుచు నున్నచో అది చక్రపు బేరింగు. బరువు లాగునప్పుడు ఒక రొద, యాక్సిలరేటరు మీద కాలు తీయగనే వేరొక రొద వినవచ్చినచో అప్పుడు క్రౌను, పీనియనులను అనుమానింపవలెను. ఇరుసు నూనెను తెల్లని పళ్ళెములోనికి తీసి ఎండలో పెట్టి చూడుడు. వెండిపొడి వంటి మెరుపు కొంచెము ఉండుట పాత బండికి సహజము. వ్రేళ్ళకు తగులు ముక్కలున్నచో పంటి పెళ్ళ లేచినదన్నమాట. బండి ఇక నడపరాదు. విడిపోయిన ముక్క రెండు పళ్ళ నడుమ పడిన క్షణమున హౌసింగే పగులవచ్చును.

ఇరుసులోపల జరుగు పని

ఎద్దులబండి ఇరుసు కదలదు. చక్రములు దానిపై తిరుగును. మలుపులో బయటి చక్రము ఎక్కువ చుట్లు, లోపలి చక్రము తక్కువ చుట్లు తిరిగినను ఒకదానితో నొకదానికి పని లేదు. మోటారు బండిలో అట్లు కాదు. ఇంజను బలము నడుమనుండి వచ్చి, రెండు ప్రక్కలకు తిరిగి, రెండు చక్రములకును అందవలెను. కావున ఇరుసు మూడు పనులు ఒక్కసారిగా చేయును: నిడుపుగా వచ్చు తిరుగుడును అడ్డముగా మళ్ళించును, దాని వేగమును తగ్గించి బలమును పెంచును, మలుపులో రెండు చక్రములకు వేర్వేరు చుట్లు పంచిపెట్టును. ఈ మూడవ పని చేయునది డిఫరెన్షియలు. మొదటి రెండును చేయునవి పెద్ద పళ్ళచక్రమైన క్రౌను, దానిని త్రిప్పు చిన్న పళ్ళచక్రమైన పీనియను.

క్రౌను పళ్ళను పీనియను పళ్ళతో భాగించిన వచ్చు అంకెయే ఇరుసు నిష్పత్తి. 43 పళ్ళ క్రౌను, 8 పళ్ళ పీనియను ఉన్నచో నిష్పత్తి 5.38. అనగా జాయింటు షాఫ్టు అయిదు చుట్లు దాటి తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదు. 39 పళ్ళకు 8 పళ్ళైనచో 4.88; 47 పళ్ళకు 11 పళ్ళైనచో 4.27. పాత జీపు జాతి ఇరుసులలో మీకు ఎదురగునవి ముఖ్యముగా ఈ మూడే.

బావి గట్టున చేతితో త్రిప్పి నీరు చేదు రాట్నమును తలచుకొనుడు. దాని దిమ్మె సన్ననిదైనచో బాన తేలికగా వచ్చును గాని ఎక్కువ చుట్లు త్రిప్పవలెను. దిమ్మె లావైనచో నాలుగు చుట్లలో బాన పైకి వచ్చును, భుజములు మాత్రము పడిపోవును. 5.38 సన్నని దిమ్మె వంటిది, 4.27 లావు దిమ్మె వంటిది. నిష్పత్తి అంకె పెద్దదైన కొలది లాగుడు హెచ్చు, వేగము తక్కువ.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పుట అవసరము. రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యమునకు చేసిన విల్లీసు జీపు ఇరుసు నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసిన 1945లో అదే కంపెనీ రైతులను ఉద్దేశించి సీజే తరగతి జీపును అమెరికాలో విడుదల చేసినప్పుడు దానికి 5.38 ఇరుసును పెట్టినది. మడక లాగవలెను, చేనిలో నెమ్మదిగా నడవవలెను, యంత్రములు త్రిప్పవలెను అని అట్లు చేసిరి. 1953లో వచ్చిన సీజే-3బీ నమూనాకు కూడ ఆ నిష్పత్తియే నిలిచినది. మహీంద్ర కంపెనీ మన దేశములో లైసెన్సుపై తయారుచేసినది ఈ నమూనానే. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగిన తరువాత కూడ ఇక్కడ అది చాలకాలము సాగినది. అనగా మీ జీపు క్రింద పుట్టుకతో నున్న 5.38 ఇరుసు చేని పని కొరకు ఎన్నుకొనబడినది. దానిని మార్చదలచువారు ఈ సంగతి మరువరాదు.

అంకెలలో తేడా ఎంత?

నిష్పత్తి మార్చిన ఫలితమును ఎవరి మాటపైనను ఆధారపడక మీరే లెక్క కట్టవచ్చును. వెనుక టైరుపై సుద్దతో గీత గీసి, అదే చోట నేలమీద గీత గీసి, బరువుతో నున్న బండిని చక్రము సరిగా ఒక చుట్టు తిరుగువరకు త్రోసి, నేలపై ఆ దూరము కొలువుడు. 6.00-16 టైరైనచో అది ఉరమరగా 220 సెంటీమీటర్లు వచ్చును. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనగా నిమిషమునకు 1,000 మీటర్లు పోవుచున్నది. చక్రము నిమిషమునకు సుమారు 455 చుట్లు తిరుగుచున్నది. టాపు గేరులో ఇంజను చుట్లు, ఇరుసు 5.38 అయినచో సుమారు 2,440, 4.88 అయినచో 2,220, 4.27 అయినచో 1,940.

పాత పెట్రోలు ఇంజనుకు 2,440 చుట్లు కష్టము కావు. కాని అనేక జీపులకు తరువాత ట్రాక్టరు జాతి డీసెలు ఇంజనులు వచ్చినవి. అట్టి ఇంజను నెమ్మదిగా తిరుగుచు బలమిచ్చునది. దానిని ఎంతో సేపు 2,400 చుట్లపై నడిపినచో చెవులు దిమ్మెక్కును, డీసెలు హెచ్చుగా త్రాగును. ఇరుసు మార్చవలెనన్న కోరిక చాలమందికి ఇక్కడనే పుట్టుచున్నది. అది న్యాయమైన కోరికయే.

ఇప్పుడు రెండవ ప్రక్క చూడుడు. పాత మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి 2.8. దీనిని ఇరుసు నిష్పత్తితో హెచ్చించినచో మొత్తము లాగుడు తెలియును: 5.38తో సుమారు 15 రెట్లు, 4.88తో 13.7 రెట్లు, 4.27తో 12 రెట్లు. అనగా 5.38 తీసి 4.88 పెట్టినచో లాగుడులో పదకొండవ వంతు, 4.27 పెట్టినచో అయిదవ వంతు పోవును. వానకు తడిసిన నల్లరేగడి బాటలో, నిండు తొట్టితో, గట్టు ఎక్కవలసినప్పుడు అయిదవ వంతు చిన్న నష్టము కాదు. ఆ లోటు పూడ్చుటకు డ్రైవరు క్లచ్చును సగము త్రొక్కి పట్టి ఎక్కించును. ఇరుసుతో మిగిల్చిన డీసెలు ధర క్లచ్చు పలకకు పోవును.

ఘాటు దిగునప్పుడు కూడ ఇదే లెక్క వర్తించును. తిరుపతినుండి మదనపల్లె వైపు పోవువారికి భాకరాపేట ఘాటు తెలిసినదే. దిగుడులో బండిని పట్టి యుంచునది బ్రేకుకంటె ముందు ఇంజను. రెండవ గేరులో 5.38 ఇరుసుతో ఇంజను పట్టు 8.3 రెట్లు, 4.27తో 6.6 రెట్లు మాత్రమే. మిగిలిన భారమంతయు 9 అంగుళముల పాత బ్రేకు డ్రమ్ములపై పడును. డ్రమ్ము కాగినకొలది బ్రేకు పట్టు తగ్గును. కావున నిష్పత్తి తగ్గించిన బండిని ఘాటులో ఇదివరకటికంటె ఒక గేరు క్రిందనే దింపవలెను. డ్రైవరు కూలిమనిషియైనచో ఈ సంగతి అతనికి స్పష్టముగా చెప్పి యుంచుడు.

టైరు మార్చినను నిష్పత్తి మారినట్లే. 6.00-16 తీసి 7.00-16 టైర్లు వేసినవారి బండిలో చుట్టు కొలత 220నుండి సుమారు 235 సెంటీమీటర్లకు పెరుగును. అప్పుడు 5.38 ఇరుసు 5.04 ఇరుసువలె పనిచేయును. కొంచెము వేగము మాత్రమే కోరువారికి, టైర్లు ఎటులను మార్చవలసియే యున్నచో, ఇది చాలవచ్చును, ఇరుసు ముట్టనక్కరలేదు.

స్పీడు మీటరు సంగతి చాలమంది మరతురు. జీపు మీటరు కేబులు ఇరుసునుండి కాక, ముందున్న ఫోర్‌వీలు పెట్టెనుండి తిరుగును. చక్రము ఎంత తిరిగినదో దానికి తెలియదు. 5.38 బదులు 4.27 పెట్టి మీటరు గేరు మార్చకున్నచో, మీటరు 50 చూపునప్పుడు బండి 63 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

ఏ అంకె ఎవరికి?

పెట్రోలు ఇంజనుతో, పుట్టుకతో వచ్చిన గేరు పెట్టెతో నున్న జీపునకు మరల 5.38 నే వెదకి వేయుడు. దొరకుట ఆలస్యమైనను వేచియుండుడు. చేను, తోపు, ఇసుక బాట ముఖ్యమైన డీసెలు బండికి కూడ ఇదే సలహా.

డీసెలు ఇంజనుతో, అరటన్ను లోపు సరుకుతో, రోజును తిరుపతికి గాని శ్రీకాళహస్తికి గాని తారు రోడ్డుమీద పోయి వచ్చు బండికి 4.88 తగును. రేణిగుంట మొదలు తిరుపతి పది కిలోమీటర్ల దూరము. శ్రీకాళహస్తి పాతిక కిలోమీటర్లు. ఇంత కొద్ది ప్రయాణములో వేగముచే కలిసివచ్చు కాలము కొద్ది నిమిషములు మాత్రమే యని కూడ చూచుకొనుడు.

4.27 ఇరుసు పుత్తూరు, నగరి మీదుగా చెన్నపట్టణమునకో, కోడూరు మీదుగా కడపకో తరచు పోవు డీసెలు బండికి మాత్రమే పనికివచ్చును. నా అభిప్రాయమున మన రైతులలో నూటికి పదిమందికైనను దాని అవసరము ఉండదు. గుజరీ అంగడిలో అదే సులభముగా దొరకినదను కారణముతో దానిని వేసికొనవద్దు.

నాలుగు చక్రముల బండికి ముఖ్య హెచ్చరిక

ముందు ఇరుసుకు కూడ బలమందు జీపులో ముందు, వెనుక నిష్పత్తులు ఒక్కటిగానే యుండవలెను. ముందు 5.38, వెనుక 4.88 ఉన్న బండిని ఫోర్‌వీలులో వేసి నడిపినచో, పది మీటర్ల దూరములో ముందు చక్రములకును వెనుక చక్రములకును సుమారు ఒక మీటరు తేడా వచ్చును. ఇసుకలోనైనచో చక్రము జారి ఆ తేడా తీరును. గట్టి నేలమీద జారుటకు వీలులేదు. ఆ బిగువంతయు ఫోర్‌వీలు పెట్టె పళ్ళపై పడి పెట్టె పగులును. ఒక జత ఎద్దులలో ఒకటి నడుచుచు, ఒకటి పరుగెత్తుచున్నచో కాడి ఏమగునో అదియే ఇక్కడ జరుగును.

వెనుక నిష్పత్తి మార్చదలచినవారు ముందు క్రౌను, పీనియనులను కూడ మార్చవలెను. ఆ ఖర్చు ఇప్పుడు భరింపలేనివారు ముందు జాయింటు షాఫ్టును విప్పి ఇంటిలో భద్రపరచుడు. మీట కదల్చకుండిన చాలునని అనుకొనరాదు. బండి అరువు తీసికొన్న బంధువునకు ఈ సంగతి తెలియదు.

ఇరుసు మొత్తముగా మార్చవలెనా?

హౌసింగు, గొట్టములు మంచివై, పళ్ళు మాత్రమే పోయినచో క్రౌను, పీనియను జత మార్చిన చాలును. తరువాతి జీపులలో నున్న 44 నమూనా ఇరుసులో 5.38, 4.88, 4.27 మూడును ఒకే డిఫరెన్షియలు గూటిపై కూర్చుండును. నిష్పత్తి 3.73 గాని అంతకంటె తక్కువ గాని అయినచో గూడు వేరు. తొలినాటి జీపులలో 41 నమూనా ఇరుసులు కలవు. వాని పళ్ళు 44లో పట్టవు. అందుచేత కొనబోవునప్పుడు పాత జతను వెంట తీసికొని పోవుడు.

క్రౌను, పీనియను తయారీలోనే ఒకదానితో నొకటి రాచి జతపరుపబడును. రెండింటిపైనను ఒకే అంకె చెక్కియుండును. ఒక ఇరుసులోని క్రౌను, మరియొక ఇరుసులోని పీనియను కలిపి అమ్మజూపినచో, పళ్ళ లెక్క సరిపోయినను తీసికొనవద్దు. కొన్ని వందల కిలోమీటర్లలోనే అవి కూయనారంభించును.

చక్రము ఊడకుండుట ఎట్లు?

వెనుక ఇరుసులలో రెండు పద్ధతులు కలవు. యుద్ధకాలపు జీపులో నున్నది ఫుల్ ఫ్లోటింగు. అందులో బండి బరువును హౌసింగు గొట్టము మోయును. లోపలి షాఫ్టు చక్రమును త్రిప్పుట మాత్రమే చేయును. షాఫ్టు విరిగినను చక్రము నిలిచియుండును. తరువాతి సీజే జీపులలో నున్నది సెమీ ఫ్లోటింగు. అందులో షాఫ్టే బరువును మోయును, షాఫ్టే త్రిప్పును. చక్రము వైపు కొనలో షాఫ్టు విరిగినచో చక్రము, డ్రమ్ము కలిసి బయటికి వచ్చును.

గుర్తించుట సులభము. చక్రము నడుమ బొడ్డు బయటికి పొడుచుకొని వచ్చి, దానిచుట్టు చిన్న బోల్టుల వలయమున్నచో అది ఫుల్ ఫ్లోటింగు. నడుమ మూత తీయగనే కాటరు పిన్నుతో కూడిన ఒక్క పెద్ద నట్టు కన్పించినచో అది సెమీ ఫ్లోటింగు.

సెమీ ఫ్లోటింగు షాఫ్టు విరిగినప్పుడు ప్రమాదము చక్రముతో ఆగదు. డ్రమ్ము తొలగగనే బ్రేకు సిలిండరు బిరడాలు బయటికి త్రోసికొని వచ్చి బ్రేకునూనె కారిపోవును. పాత జీపులో నాలుగు చక్రములకు ఒక్కటే నూనె దారి. కావున ముందు బ్రేకులును పోవును. అప్పుడు చేతి బ్రేకు లాగుదమన్నచో, పాత జీపు చేతి బ్రేకు చక్రముల వద్ద ఉండదు. ఫోర్‌వీలు పెట్టె వెనుక జాయింటు షాఫ్టుపై ఉండును. అది పట్టినను, విరిగిన ప్రక్కకు డిఫరెన్షియలు వట్టిగా తిరిగిపోవును, బండి ఆగదు. వెనుక ఒక చక్రము జాకీపై ఎత్తినప్పుడు చేతి బ్రేకును నమ్మరాదనుటకు కారణము కూడ ఇదియే. అప్పుడు తప్పక రాళ్ళు పెట్టుడు.

నిండు బరువుతో ఘాటు రోడ్డుపై తిరుగువారు, మంచి స్థితిలో నున్న ఫుల్ ఫ్లోటింగు ఇరుసు సరియైన కొలతలతో దొరకినచో కొంత ఎక్కువ ధరయైనను దానిని తీసికొనుట మేలు. సెమీ ఫ్లోటింగే ఉన్నవారు భయపడనక్కరలేదు గాని షాఫ్టు కొనను ఏటేటా విప్పి చూడవలెను. చీలిక సామాన్యముగా తాళపు చీల కూర్చుండు గాడి మూలలో మొదలగును. ఆ భాగమును కిరసనాయిలుతో తడిపి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి పూసి, చెక్క సుత్తితో తట్టుడు. చీలికలో దాగిన కిరసనాయిలు బయటికి వచ్చి సుద్దపై నల్లని గీతగా కన్పించును. వెంట్రుకవాసి గీత కన్పించినను ఆ షాఫ్టును మరల వేయరాదు. వెల్డింగు చేయించి వేయుట మరింత ప్రమాదము.

చక్రపు బొడ్డును ఊడదీయుటకు పుల్లరు వాడవలెను. షాఫ్టు కొనపై సమ్మెటతో కొట్టు అలవాటు మన షెడ్లలో కలదు. ఆ దెబ్బ బేరింగులకును, నడుమనున్న దిమ్మెకును తగులును. మరల బిగించునప్పుడు షాఫ్టు ఏటవాలు కొన పొడిగా, శుభ్రముగా ఉండవలెను, గ్రీజు పూయరాదు. పెద్ద నట్టును పొడుగు పైపు వేసి గట్టిగా బిగించి, పిన్ను రంధ్రము ఎదురుగా రానిచో ఇంకను బిగించి తెచ్చుకొనవలెను గాని వదులు చేసి తేరాదు.

అంగడిలో చూడవలసినవి

కొలతలు వ్రాసికొని పోనివాడు ఇరుసు కొనుటకు పోరాదు. వ్రాసికొనవలసినవి ఇవి: రెండు చక్రముల నడుమ దూరము (పాత జీపులో నాలుగు అడుగులకు కొంచెము మించియుండును), కమాను కట్టలు కూర్చుండు దిండ్ల మధ్య దూరము, చక్రపు బోల్టులు ఎన్ని, వాని వలయము ఎంత (పాత జీపులో 5 బోల్టులు, ఐదున్నర అంగుళముల వలయము), బ్రేకు డ్రమ్ము కొలత, పీనియను కొనపై క్రాసు పట్టు కొలత.

ఇంకొకటి చాలమంది చూడరు. పాత జీపులో ఇరుసు గుండు నడుమ ఉండదు, కుడిప్రక్కకు జరిగియుండును. ఫోర్‌వీలు పెట్టె షాఫ్టును ఆ ప్రక్కకు ఇచ్చును గనుక అట్లు చేసిరి. గుండు నడుమనున్న మరియొక బండి ఇరుసును దీని క్రింద బిగించినచో జాయింటు షాఫ్టు వంకరగా పోయి క్రాసులు త్వరగా అరుగును.

అమ్మువాడు చెప్పిన నిష్పత్తిని నమ్మక మీరే చూచుకొనుడు. గుండు మూత విప్పించి పళ్ళు లెక్కించుట అన్నిటికంటె మేలు. మూత విప్పుట వీలుకానిచో, ఒక ప్రక్క షాఫ్టును కదలకుండ పట్టించి, రెండవ ప్రక్క షాఫ్టును సరిగా రెండు చుట్లు త్రిప్పించి, పీనియను ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించుడు. ఐదు చుట్లు దాటి మరి కొంచెము తిరిగినచో 5.38, ఐదుకు కొంచెము తక్కువైనచో 4.88; నాలుగుంబావు అయినచో 4.27. ఒక చుట్టే త్రిప్పి లెక్కించినచో అంకె సగము వచ్చి మోసపోవుదురు.

మూత విప్పిన తరువాత బేరింగులపై నీలిరంగు కన్పించినచో ఆ ఇరుసు నూనె లేక కాలినదని అర్థము. షాఫ్టు గాళ్ళు మరమేకువలె మెలి తిరిగియున్నచో మోయరాని బరువు మోసినదన్నమాట. గొట్టము గుండులో చొచ్చుచోట పాత వెల్డింగు మచ్చలున్నచో, ధర ఎంత తగ్గించినను వదలివేయుడు.

బిగింపు, నూనె

క్రౌను, పీనియను అమరిక ఊరి పొలిమేరలో చెట్టు క్రింద చేయు పని కాదు. పీనియను లోతు, బేరింగు బిగువు, పళ్ళ మధ్య సందు ఈ మూడును పలుచని షిమ్ములతో సరిచేయవలెను. 44 నమూనాలో పళ్ళ మధ్య సందు అంగుళములో వెయ్యవ వంతులు 4 మొదలు 9 వరకు ఉండవచ్చును. దీనిని డయలు గేజితో కొలుతురు. గేజి లేని షెడ్డులో ఈ పని చేయింపవద్దు. పళ్ళపై రంగు పూసి త్రిప్పి, మచ్చ పంటి నడుమ పడినదో, అంచున పడినదో మీ ఎదుట చూపించుమని మెకానిక్కును అడుగుడు. మంచి పనివాడు దానికి కోపగింపడు.

ఇరుసుకు హైపాయిడు పళ్ళకు తగిన 90 నంబరు గేరు ఆయిలు మాత్రమే పోయవలెను. ఇంజనులో తీసిన నల్లనూనె పోయుట ఇరుసుకు కీడు. ఇరుసుపై చిన్న గాలి రంధ్రపు మూత ఉండును. అది మట్టితో పూడినచో లోపలి వేడిగాలికి దారిలేక నూనె సీళ్ళను త్రోసికొని బ్రేకు పట్టీలపైకి వచ్చును. రేణిగుంట ప్రాంతపు వేసవి దుమ్ములో దీనిని నెలకొకసారి కిరసనాయిలుతో కడుగుడు. అయిదు నిమిషముల పని.

రిజిస్ట్రేషను, బరువు

ఈ విషయమున గ్రామాధికారులను రైతులు తరచు ప్రశ్నించుచుందురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. అదే నమూనా ఇరుసును అదే స్థానమున వేయుట మరమ్మతు మాత్రమే. చట్రము కోసి పొడిగించుట, చక్రముల మధ్య నిడివి మార్చుట వంటి పనులు తలపెట్టువారు ముందుగా తిరుపతిలోని రవాణా కార్యాలయమున విచారింపవలెను.

పెద్ద ఇరుసు వేసినంత మాత్రమున ఎక్కువ సరుకు వేయుటకు హక్కు రాదు. పత్రములోని బరువే బరువు. జీపు సైన్యములో కాల్‌టన్ను బండిగా పుట్టినది. ఇరుసు లావైనను చట్రము, కమాను కట్టలు, స్టీరింగు, ముందు బ్రేకులు పాతవే. చెరకు కాలములో గాజులమండ్యం చక్కెర కర్మాగారమునకు బండ్లు బారులు తీరిన రోజులలో వలె, పట్టినంత వేసి కట్టు అలవాటు ఈ బండ్లకు పనికిరాదు.

సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. తరువాత తనిఖీ చేయించి 5 ఏండ్లకొకసారి పొడిగించుకొనవలెను. 8 ఏండ్లు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెసు పత్రము కావలెను. పొడిగింపు దొరకదని తోచు బండికి ఇరుసు కొనవద్దు. ముందు పత్రముల సంగతి తేల్చుకొనుడు.

మొదటి ప్రయాణము

క్రొత్త పళ్ళు వేసిన బండిని మొదటి దినమున కరకంబాడి వరకో, ఏర్పేడు వరకో ఖాళీగా తీసికొని పోయి, నీడలో నిలిపి, ఇరుసు గుండుపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నుండుట సహజము. చేయి పెట్టలేనంత కాగినచో బేరింగు బిగువు హెచ్చినదన్నమాట. వెంటనే మెకానిక్కు వద్దకు తిరిగి రావలెను. రెండు ప్రక్కల చక్రపు బొడ్లను కూడ తాకి, రెండును ఒకే తీరుగా నున్నవో లేవో పోల్చి చూడుడు. బండి చల్లారిన తరువాతనే మరల కదలించుడు. ఇట్లు రెండు మూడు పర్యాయములు చేసి, మొదటి 500 కిలోమీటర్లు సగము బరువుతోనే నడిపి, ఆ పిమ్మట నూనె తీసివేసి క్రొత్తది పోయుడు. యూ బోల్టులను, సెమీ ఫ్లోటింగు ఇరుసైనచో చక్రపు పెద్ద నట్లను మొదటి వారములో రెండుమారులు బిగించి చూడవలెను. ఈ పనులకు పది పదునైదు దినములు పట్టును గనుక, కాయ కోతకు ముందే, మాఘ ఫాల్గుణ మాసములలో ఇరుసు పని పెట్టుకొనుట అనుకూలము.